మెర్కెల్ ఎనిమిదిసార్లు గెలిచిన సీటు ఏఎఫ్‌డీ చేతికి ఎలా వెళ్లింది?

జర్మనీ ఈశాన్య తీరంలోని ష్ట్రాల్‌జుండ్‌లో మాస్టర్స్ చదువుతున్న మీరు అడిగింది క్లుప్తంగా ఇది: "ఇది మాజీ ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) అంగేలా మెర్కెల్ 30 ఏళ్లు ఎంపీగా ఉన్న నియోజకవర్గం అంటున్నారు. 2025 ఎన్నికల్లో ఇక్కడ వలసల్ని వ్యతిరేకించే ఏఎఫ్‌డీ పార్టీ అభ్యర్థి గెలిచాడు. అంత పెద్ద కంచుకోట ఒక్కసారిగా ఎలా కూలింది? పల్లెటూళ్లన్నీ ఒకే వైపు ఓటేస్తాయా? మాలాంటి విదేశీ విద్యార్థులు టెన్షన్ పడాలా?"

సూటిగా చెప్తాను. ఇది మెర్కెల్ పార్టీ అయిన సీడీయూ కంచుకోట ఎప్పుడూ కాదు, మెర్కెల్ సొంత సీటు. ఆవిడ పేరు మీద పడిన ఓట్లలో పెద్ద భాగం పార్టీకి రాలేదు. ఆవిడ పక్కకు తప్పుకోగానే ఆ ఓటు చెల్లాచెదురైంది. 2021లో తక్కువ ఓట్లతోనే సోషల్ డెమోక్రాట్ల పార్టీ ఎస్పీడీ సీటు తన్నుకుపోయింది, 2025లో ఏఎఫ్‌డీ పట్టుకుంది. అంటే మెర్కెల్ నుంచి నేరుగా ఏఎఫ్‌డీకి వెళ్లలేదు. మధ్యలో ఉన్న 2021ని వదిలేస్తే కథ మొత్తం తప్పుగా అర్థమవుతుంది.

నేను ఈ జిల్లాల్లోనే చాలా ఏళ్లుగా ఉంటున్నాను. జర్మన్ పౌరసత్వం వచ్చాక ఎన్నికలప్పుడు పోలింగ్ కేంద్రంలో వాలంటీర్‌గా కూర్చుంటున్నాను. అక్కడ చూసినవీ, ఫలితాల పట్టికల్లో చదివినవీ కలిపి చెప్తాను. కాస్త పొడవు అవుతుంది.

ముందు ఓటు వేసే పద్ధతి తెలియాలి. ఇక్కడ ప్రతి ఓటరుకీ ఒకే కాగితం మీద రెండు ఓట్లు ఉంటాయి. ఎడమ వైపు నల్ల అక్షరాల్లో నియోజకవర్గం అభ్యర్థుల పేర్లు, కుడి వైపు నీలం అక్షరాల్లో పార్టీల జాబితాలు. మొదటి ఓటు మనిషికి, రెండో ఓటు పార్టీకి. మొదటి ఓటులో మన దగ్గర లాగే ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లే ముందు, సగం దాటాల్సిన పని లేదు. పార్లమెంటులో ఏ పార్టీకి ఎన్ని సీట్లు అన్నది మాత్రం రెండో ఓటు తేలుస్తుంది. ఈవీఎంలు లేవు. అప్పట్లో వాడిన యంత్రాల తీరు రాజ్యాంగానికి విరుద్ధమని 2009లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు ఇచ్చాక అంతా కాగితమే.

సాయంత్రం 6కి పోలింగ్ ముగుస్తుంది. పెట్టె తెరిచి కాగితాలన్నీ బల్ల మీద గుమ్మరిస్తాం. చెల్లని ఓట్లూ అనుమానం ఉన్నవీ పక్కన పెట్టాక, మొదట చేసేది కాగితాల్ని విడదీయడం. నల్ల వరుసలోనూ నీలం వరుసలోనూ ఒకే పార్టీకి గుర్తు పెట్టినవి ఒక దొంతర. రెండూ వేర్వేరు పార్టీలకు పడినవి ఇంకో దొంతర. మన భాషలో చెప్పాలంటే ఆ రెండోది క్రాస్ ఓటింగ్ దొంతర. మెర్కెల్ పోటీలో ఉన్నప్పుడు ఈ దొంతర నాకు భలే ఆసక్తిగా ఉండేది. నల్ల వరుసలో మెర్కెల్ పేరు ఎదురుగా గుర్తు, నీలం వరుసలో చూస్తే ఎస్పీడీ, వామపక్ష లింకె, గ్రీన్స్, ఏదైనా ఉండొచ్చు. "ఆవిడ మన ఎంపీ, పార్టీ సంగతి వేరే" అనే మాట ఊళ్లో వినడం ఒక ఎత్తు, ఆ కాగితం చేతిలో పట్టుకుని చూడడం ఇంకో ఎత్తు.

ఇప్పుడు అంకెలు. మెర్కెల్‌కి వచ్చిన మొదటి ఓట్లు: 1990లో 48.5 శాతం, 1994లో 48.6, 1998లో 37.3, 2002లో 41.6, 2005లో 41.3, 2009లో 49.3, 2013లో 56.2, 2017లో 44.0. ఎనిమిది ఎన్నికలు, ఎనిమిది గెలుపులు. కానీ సగం దాటింది ఒక్కసారే, అదీ 2013లో ఆవిడ హవా తారస్థాయిలో ఉన్నప్పుడు. 1998లో అప్పటి సీడీయూ ఛాన్సలర్ హెల్ముట్ కోల్ ప్రభుత్వం ఓడిపోయిన ఎన్నికలో 37కి దిగారు. కంచుకోట అనే మాటకి ఈ అంకెలు సరిపోవు.

వీటి పక్కన రాష్ట్రంలో, అంటే మెక్లెన్‌బుర్గ్-ఫోర్‌పొమ్మెర్న్‌లో, సీడీయూకి వచ్చిన రెండో ఓటు పెట్టి చూడండి. 2009లో సుమారు 33 శాతం. ఆవిడకి 49. 2013లో పార్టీకి 42.5, ఆవిడకి 56. 2017లో పార్టీకి 33.1, ఆవిడకి 44. రాష్ట్రం మొత్తాన్నీ ఒక నియోజకవర్గాన్నీ పోల్చడం పక్కా లెక్క కాదు, ఒప్పుకుంటాను. అయినా ప్రతిసారీ పది శాతానికి పైనే తేడా ఉంటే అది ఊరికే వచ్చింది కాదు.

అసలు ఆవిడ ఇక్కడి మనిషే కాదు. పుట్టింది హాంబుర్గ్‌లో, పెరిగింది బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్రంలోని టెంప్లిన్‌లో. మన భాషలో పక్కా నాన్-లోకల్. 1990లో జర్మనీ ఏకమవుతున్న రోజుల్లో ష్ట్రాల్‌జుండ్, రూగెన్, గ్రిమ్మెన్ మూడూ కలిపి కొత్త నియోజకవర్గం చేశారు. మూడు చోట్ల సీడీయూ నాయకులకూ ఒకరంటే ఒకరికి పొసగలేదు. సెప్టెంబర్ చివర్లో రూగెన్ ద్వీపంలోని ప్రోరాలో టికెట్ కోసం సమావేశం పెట్టారు. ప్రోరా అంటే నాజీల కాలంలో సముద్రపు ఒడ్డున కట్టిన కిలోమీటర్ల పొడవు భవనాల వరుస, మీరు చూసే ఉంటారు. అర్ధరాత్రి దాకా సాగిన ఆ సమావేశంలో, రెండో విడత ఓటింగ్‌లో, చాలా స్వల్ప తేడాతో మెర్కెల్‌కి టికెట్ దక్కింది. రాష్ట్ర పార్టీ నాయకుడు గ్యుంటర్ క్రౌజె అండ ఆవిడకి ఉంది. ఆ రాత్రి నలుగురు ముందే ఇంటికి వెళ్లిపోయి ఉంటే జర్మనీ చరిత్ర వేరేగా ఉండేదని ఇక్కడి పాత కార్యకర్తలు ఇప్పటికీ అంటుంటారు. నాకూ అది నిజమే అనిపిస్తుంది.

ఆ నవంబర్ ప్రచారంలో రూగెన్‌లోని లోబ్బె అనే ఊళ్లో ఆవిడ ఒక గుడిసెలో మత్స్యకారుల మధ్య కూర్చున్న ఫొటో ఉంది. జర్మనీలో బాగా తెలిసిన రాజకీయ ఫొటోల్లో అదొకటి. అలసిపోయిన ముఖాలు, కిటికీలోంచి వచ్చే వెలుతురు, మధ్యలో 36 ఏళ్ల యువతి. అప్పుడు ఆవిడెవరో దేశానికి తెలియదు. 1991లో మంత్రి, 2000లో పార్టీ అధ్యక్షురాలు, 2005 నవంబర్‌లో ఛాన్సలర్ అయ్యారు. ఛాన్సలర్ మన ఎంపీ అయితే లాభం ఉంటుందని ఓటర్లు అనుకోవడం సహజం. 2006లో అప్పటి అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్‌ని ష్ట్రాల్‌జుండ్‌కి తీసుకొచ్చారు, పక్కన ట్రిన్‌విల్లర్స్‌హాగెన్ అనే చిన్న పల్లెలో అడవిపంది మాంసంతో విందు ఇచ్చారు. 2007లో రూగెన్‌కి కొత్త వంతెన తెరిచారు. మీరు ద్వీపానికి వెళ్లేటప్పుడు కనిపించే ఎత్తైన వంతెన అదే.

ఇక ఏం మారలేదో చెప్పాలి, ఎందుకంటే జవాబులో సగం అక్కడే ఉంది.

ష్ట్రాల్‌జుండ్ ఓడల కర్మాగారం తూర్పు జర్మనీ కాలంలో వేల మందికి అన్నం పెట్టింది. సోవియట్ యూనియన్ కోసం చేపల ఓడలు కట్టేది. 1990 తర్వాత పనివాళ్ల సంఖ్య తగ్గుతూ వచ్చింది. 2012లో దివాలా. కొత్త యజమాని వచ్చాడు, తర్వాత ఇంకో యజమాని వచ్చాడు, 2022 జనవరిలో మళ్లీ దివాలా. చివరికి ఆ స్థలాన్ని నగరమే కొనుక్కుంది. ప్రతి ఎన్నికల ముందూ ఒక హామీ, తర్వాత ఒక మూత. ఆ గేటు ముందు నిలబడ్డ కుటుంబాలకి ఏ పార్టీ మీదా నమ్మకం మిగలకపోతే తప్పు పట్టలేను.

చేపల సంగతి ఇంకా బాధ. పశ్చిమ బాల్టిక్‌లో హెర్రింగ్, కాడ్ చేపలు బాగా తగ్గిపోయి, 2022 నుంచి చిన్న పడవల తీరప్రాంత వేటకి ఇచ్చిన కొద్దిపాటి మినహాయింపు తప్ప హెర్రింగ్ వేటను యూరోపియన్ యూనియన్ దాదాపు ఆపేసింది. కాడ్ అయితే వేరే చేపలతో పాటు వలలో పడిందే పట్టుకోవాలి. శాస్త్రవేత్తలు చెప్పింది సరైనదే, చేపలు నిజంగానే లేవు. కానీ లోబ్బె ఫొటోలో ఉన్న వృత్తి ఈ తీరంలో కళ్ల ముందే అంతరించిపోతోంది. దానికితోడు రూగెన్‌లోని ముక్రాన్ రేవులో ద్రవ సహజవాయువు టెర్మినల్ పెట్టారు. పర్యాటకం మీద బతికే బింజ్ ఊరు గట్టిగా వద్దంది, అయినా 2024లో మొదలైంది. మమ్మల్ని అడిగేవాళ్లే లేరు అన్న మాట ఆ రెండేళ్లూ ఇక్కడ ఎక్కడికి వెళ్లినా వినిపించేది.

పల్లెటూళ్లన్నీ ఒకే వైపు ఓటేస్తాయా అన్నారు. వేయవు. దీనికి మంచి ఉదాహరణ దేశానికి అవతలి వైపు ఉన్న క్లొప్పెన్‌బుర్గ్–ఫెక్టా. అదీ పల్లె ప్రాంతమే. 1949 నుంచి ఆ ప్రాంతం సీడీయూ చేయి వదల్లేదు. అక్కడ కాథలిక్ చర్చి ఉంది, తరాలుగా సొంత భూమి ఉన్న రైతు కుటుంబాలు ఉన్నాయి, రైతు సంఘాలు ఉన్నాయి. తాత ఏ పార్టీయో మనవడూ ఆ పార్టీయే. కంచుకోట అనే మాట అలాంటి చోటుకి సరిపోతుంది.

మన ప్రాంతంలో ఆ మూడూ లేవు. ఒకప్పుడు ఇది పెద్ద జమీందార్ల నేల, కింద కూలీలు. వైమార్ గణతంత్ర కాలంలో, అంటే హిట్లర్ రాకముందు, ఈ తీరప్రాంతం ఉన్న పొమెరానియా మొత్తం ఆ భూస్వాముల జాతీయవాద పార్టీకి పట్టున్న ప్రాంతం. 1945లో సోవియట్ ఆక్రమణలో 100 హెక్టార్లు దాటిన ఎస్టేట్లను స్వాధీనం చేసుకుని చిన్న రైతులకు పంచారు. 1960 నాటికి ఆ రైతుల్నీ సహకార వ్యవసాయంలో కలిపేశారు. 1990 తర్వాత ఆ పెద్ద కమతాలు పెద్దవిగానే మిగిలాయి, పనివాళ్లే అక్కర్లేకుండా పోయారు. చర్చికి వెళ్లేవాళ్లు తూర్పు జర్మనీ కాలంలోనే తగ్గిపోయారు. 1933 నుంచి 1990 వసంతం దాకా నిజమైన పోటీ ఉన్న ఎన్నికలు దాదాపు లేనే లేవు. అంటే తరతరాల పార్టీ అనుబంధం పెరగడానికి ఇక్కడ సమయమే దొరకలేదు. ప్రతి ఎన్నికా కొత్తగా మొదలైనట్టే. యువత, ముఖ్యంగా చదువుకున్న అమ్మాయిలు, పశ్చిమానికి వెళ్లిపోయారు. ఆ వలస కూడా ఒక కారణమై నియోజకవర్గాలు తగ్గాయి: ఈ రాష్ట్రానికి 1990లో 9 ఉండేవి, 2002కి 7 అయ్యాయి, 2013 నుంచి 6.

అసంతృప్తి ఓటు కూడా కొత్తది కాదు. 2009లో రాష్ట్రంలో లింకె పార్టీకి 29 శాతం రెండో ఓట్లు వచ్చాయి. తూర్పువాళ్ల గొంతు అంటే అప్పట్లో ఆ పార్టీయే. 2017కి అది 17.8కి దిగింది, ఏఎఫ్‌డీ 18.6తో దాన్ని దాటింది. లింకె ఓటర్లంతా అటు వెళ్లారని అనను, వృద్ధులు చనిపోయారు, కొందరు ఓటేయడం మానేశారు, అంతకుముందు ఓటేయనివాళ్లు కొత్తగా వచ్చారు. కానీ బెర్లిన్‌కి కోపం చూపించాలంటే ఏ పార్టీకి గుర్తు పెట్టాలి అన్న ప్రశ్నకి జవాబు మారింది. 2016 రాష్ట్ర ఎన్నికల్లోనే ఏఎఫ్‌డీ 20.8 శాతంతో సీడీయూని మూడో స్థానానికి నెట్టింది. అప్పుడు మెర్కెల్ ఛాన్సలర్‌గా ఉన్నారు. శరణార్థుల విధానం మీద కోపం ఆవిడ సొంత గడ్డ మీదే కనిపించింది. ఏడాది తర్వాత పార్లమెంటు ఎన్నికల్లో ఆవిడ మీద నిలబడ్డ ఏఎఫ్‌డీ అభ్యర్థి లైఫ్-ఎరిక్ హోల్మ్‌కి 19 శాతం పైచిలుకు వచ్చి రెండో స్థానం దక్కింది.

ఇప్పుడు 2021. మెర్కెల్ పోటీ చేయలేదు. సీడీయూ యువ అభ్యర్థి గేయార్గ్ గ్యుంటర్‌ని నిలబెట్టింది. గెలిచింది ఎస్పీడీకి చెందిన అన్నా కాస్సౌట్‌స్కి, వయసు 27. ఆమెకి 24.3 శాతం, ఆయనకి 20.4. మెర్కెల్ చివరి ఎన్నికలో తెచ్చుకున్న 44 పక్కన పెట్టండి, సీడీయూ ఓటు సగానికి పైగా ఆవిరైపోయింది. గెలిచినామెకి కూడా నలుగురిలో ఒకరు ఓటేశారు, అంతే. అదే రోజు, సెప్టెంబర్ 26న, రాష్ట్ర అసెంబ్లీకీ ఎన్నిక జరిగింది. మాన్యుయెలా ష్వేసిగ్ నాయకత్వంలో ఎస్పీడీ 39.6 శాతం తెచ్చుకుంది. ఆ గాలి పార్లమెంటు ఓటు మీద కూడా వీచింది, రాష్ట్రంలోని ఆరు నియోజకవర్గాలూ ఎస్పీడీవే అయ్యాయి. కాస్సౌట్‌స్కి కష్టపడలేదని కాదు. కానీ అరువు తెచ్చుకున్న గాలి మీద వచ్చిన సీటు అది. ఏఎఫ్‌డీకి ఆ ఏడాది రాష్ట్రంలో 18 శాతం, 2017 కంటే కాస్త తక్కువే. మెర్కెల్ వెళ్లగానే ఏఎఫ్‌డీ పెరిగిందన్న మాట తప్పు అని నేను చెప్పేది ఈ అంకె చూసే.

పెరిగింది 2021, 2025 మధ్యలో. ఉక్రెయిన్ యుద్ధం, కరెంటు, గ్యాస్ బిల్లులు, ధరలు, ఇంటి హీటర్ల చట్టం మీద గొడవ, వలసల మీద చర్చ, మధ్యలోనే కూలిన మూడు పార్టీల ప్రభుత్వం. 2025 ఫిబ్రవరి 23న రాష్ట్రంలో ఏఎఫ్‌డీ 18 నుంచి 35 శాతానికి ఎగబాకింది. ఎస్పీడీ 29 నుంచి 12 చిల్లరకి పడిపోయింది. సీడీయూ, దాని బవేరియా జోడీ పార్టీ సీఎస్‌యూతో కలిసి దేశమంతా 28 శాతం దాటి మొదటి స్థానంలో ఉన్నా, ఇక్కడ 18 శాతం లోపే ఆగిపోయింది. నన్ను బాగా ఆలోచింపజేసిన అంకె అదే: మెర్కెల్‌తో పోయిన ఓటు ఆ పార్టీకి తిరిగి రాలేదు. మన నియోజకవర్గంలో ఏఎఫ్‌డీ అభ్యర్థి డారియో జైఫెర్ట్ 37 శాతం పైగా మొదటి ఓట్లతో గెలిచారు. ఎదురుగా ఉన్న ఓటు సీడీయూ, ఎస్పీడీ, లింకె, గ్రీన్స్, మిగతావాళ్ల మధ్య చీలిపోయింది.

ఫలితాలు మీరే చదవాలనుకుంటే కొన్ని జాగ్రత్తలు. కేంద్ర ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో నియోజకవర్గాల వారీగా అన్నీ దొరుకుతాయి.

సరిహద్దులు మారాయి. 1990లో ఇది 267వ నంబరు ష్ట్రాల్‌జుండ్–రూగెన్–గ్రిమ్మెన్. 2002 నుంచి 15వ నంబరు. 2013లో గ్రైఫ్స్‌వాల్డ్ నగరాన్ని కలిపి ఫోర్‌పొమ్మెర్న్-రూగెన్–ఫోర్‌పొమ్మెర్న్-గ్రైఫ్స్‌వాల్డ్ ఒకటి అన్నారు. గ్రైఫ్స్‌వాల్డ్ యూనివర్సిటీ ఊరు, అక్కడి ఓటు తీరు వేరు. కాబట్టి 1994 అంకెనీ 2017 అంకెనీ పక్కపక్కన పెట్టి ఒకటో అరో శాతం తేడాకి అర్థం వెతకకండి.

మ్యాప్ రంగుల్ని నమ్మకండి. 24 శాతంతో గెలిచినా 56 శాతంతో గెలిచినా నియోజకవర్గం మొత్తం ఒకే రంగులో కనిపిస్తుంది. రెండో స్థానం ఎవరిదో, తేడా ఎంతో చూడకుండా ఏమీ తేల్చవద్దు. పోస్టల్ ఓట్లని కూడా విడిగా లెక్కిస్తారు. ఒక ఊరి పోలింగ్ కేంద్రం అంకె మాత్రమే చూసి ఆ ఊరు మొత్తం ఇలా ఓటేసింది అనడం చాలామంది చేసే పొరపాటు.

ఇంకొకటి, 2025 నుంచి నియోజకవర్గంలో మొదటి స్థానం వస్తే సీటు ఖాయం అన్న పాత నియమం లేదు. 2023 సంస్కరణతో పార్లమెంటు 630 సీట్లకి పరిమితమైంది. రెండో ఓటు వాటా సరిపోకపోతే మొదటి స్థానం వచ్చినా సీటు రాదు. 2025లో దేశంలో 23 మందికి అలా జరిగింది. మన నియోజకవర్గంలో ఆ సమస్య రాలేదు, జైఫెర్ట్ పార్లమెంటులో ఉన్నారు.

చివరి ప్రశ్న, టెన్షన్ గురించి. దాన్ని తేలిగ్గా తీసేయను. వలసలకి వ్యతిరేకంగా మాట్లాడే పార్టీకి మీ వీధిలో మూడో వంతుకు పైగా ఓటేస్తే మనసులో గుబులు రావడం సహజం, నాకూ వచ్చింది. అయితే ఓటుపెట్టె లెక్క మీ పక్కింటాయన మీతో ఎలా ఉంటాడో చెప్పదు. నా పక్కన కూర్చుని ఓట్లు లెక్కపెట్టేవాళ్లు రకరకాల పార్టీల వాళ్లు. రాత్రి ఆలస్యమైతే నన్ను కారులో ఇంటి దగ్గర దింపిన పెద్దాయన ఎవరికి ఓటేశాడో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. రాత్రిపూట రైల్వే స్టేషన్ దగ్గర జాగ్రత్తగా ఉండడం ఎక్కడైనా మంచిదే. ఎవరైనా దూషిస్తే ఊరుకోకుండా యూనివర్సిటీలోని విదేశీ విద్యార్థుల కార్యాలయానికీ, పోలీసులకీ చెప్పండి. ఫిర్యాదు రాతపూర్వకంగా ఉండాలి, తేదీ, సమయం రాసి పెట్టుకోండి.

భారత పౌరులుగా మీకు ఇక్కడ పంచాయతీ స్థాయి ఎన్నికల్లో కూడా ఓటు లేదు. ఆ హక్కు యూరోపియన్ యూనియన్ పౌరులకే. 2024 జూన్ నుంచి మామూలుగా ఐదేళ్ల నివాసం తర్వాత పౌరసత్వానికి దరఖాస్తు చేయవచ్చు. జర్మనీ రెండు పౌరసత్వాలు ఒప్పుకున్నా భారత్ ఒప్పుకోదు, కాబట్టి ఇంట్లోవాళ్లతో మాట్లాడి నిర్ణయించుకోండి. ఓటు లేకపోయినా లెక్కింపు చూడొచ్చు. పోలింగ్ కేంద్రంలో ఓట్ల లెక్కింపు బహిరంగంగా జరుగుతుంది, పనికి అడ్డం రానంతవరకూ ఎవరైనా లోపలికి వచ్చి నిలబడవచ్చు. వచ్చే ఎన్నికల రోజు సాయంత్రం 6కి మీ వీధి పోలింగ్ కేంద్రానికి వెళ్లి, ఆ రెండు దొంతరల్లో ఏది ఎత్తుగా పెరుగుతుందో చూడండి.